మా ఓడల వాళ్ళు

"మగవాళ్ళకి సరదాలుంటాయి, ఆడవాళ్ళకి పనులుంటాయి" అనేది మా అమ్మమ్మ. ఆవిడ కుట్టిన బొంతలూ, వేసిన ముగ్గులూ, పెట్టిన ఆవకాయలూ ఏ లెక్కన చూసినా కళలే. అయినా వాటికి 'పని' అన్న పేరు తప్ప వేరే పేరు రాలేదు. అదే మా తాతగారు వరండాలో కూచుని గోడగడియారం విప్పి మళ్ళీ బిగిస్తే (బిగించాక ప్రతిసారీ రెండు మరలు మిగిలిపోయేవనుకోండి) అది వ్యాసంగం. ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చడానికి నేనిప్పుడు కలం పట్టలేదు. నేను చెప్పబోయేది ఓడల గురించి.

మా ఇంట్లో ఓడలున్నాయి. నవ్వకండి. విజయనగరంలో కోట వుంది, గంటస్తంభం వుంది, పెద్దచెరువు వుంది. సముద్రం చూడాలంటే మాత్రం భీమిలి వేపో, చింతపల్లి వేపో పోవాల్సిందే. అయినా మా ముందుగదిలో నాలుగు ఓడలు గాజుపెట్టెల్లో లంగరేసుకుని వున్నాయి. వాటిని కట్టింది మావారు. గాజుపెట్టెల మీద దుమ్ము తుడిచేది ఎవరో పాఠకురాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన బ్యాంకు ఉద్యోగి. అంకెలతో పగలంతా గడిపిన మనిషికి సాయంత్రం చెక్కముక్కలు కావాలి. ఈ పిచ్చికి బీజం విశాఖపట్నంలో కాలేజీ చదువు రోజుల్లో పడింది. ఎన్‌.సి.సి.లో నౌకాదళ విభాగం ఒకటుంటుంది. ఆ పిల్లలకి ఏటా జరిగే నౌసైనిక్ శిబిరం పోటీల్లో ఓడ నమూనాలు తయారు చెయ్యడం కూడా ఒక అంశం. మిగతా పిల్లలు పెరేడ్ అయ్యాక ఇడ్లీల కోసం పరిగెడితే, ఈయన ఆకురాయి పట్టుకుని ఓ మూల కూచునేవారట. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. "కుర్రాడికి ఏ అలవాట్లూ లేవు" అన్నారు మధ్యవర్తి.

ఓడ కట్టడానికి ఏమేం కావాలో తెలుసా? పంచదార డబ్బాలోని చెంచా దగ్గర్నుంచి నా కుట్టుపెట్టెలో కత్తెర దాకా అన్నీ కావాలి. తెరచాప గుడ్డ మరీ తెల్లగా వుంటే కొత్త పెళ్ళికొడుకులా వుంటుందట. అందుకని టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తారు. చిన్న చిన్న కడ్డీలకి కొబ్బరి ఈనెలు. తాళ్ళకి కుట్టుదారం, ఆ దారానికి నూగు లేకుండా తేనెమైనం. సన్నపు పలకల్ని వంచాలంటే వేణ్ణీళ్ళలో నానబెట్టాలి, ఆ వేణ్ణీళ్ళు కాచేది నా గిన్నెలోనే. ఒక ఆదివారం ఉప్మా కోసం మూకుడు కడుగుదామని చూస్తే అందులో పదహారు చెక్కబద్దలు హాయిగా స్నానం చేస్తున్నాయి. ఆ పూట మాకు ఉప్మా లేదు.

కొలత కూడా చెప్తాను, కుట్టుపని వచ్చినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. అసలు ఓడలో ఒక అడుగు పొడవుంటే నమూనాలో అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే 96 వంతుల్లో ఒక వంతు. ఆ లెక్కన ఐదున్నర అడుగుల మనిషి ముప్పావు అంగుళం కూడా వుండడు. ఆ మనిషి చెయ్యి పెట్టి పట్టుకునే కటకటాలు ఎంతుంటాయో మీరే వూహించుకోండి. మావారు ఊపిరి బిగబట్టి ఆ కటకటాలు అతికిస్తున్నప్పుడు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. ఇది మా ఇంటి చట్టం.

ఒక్కడే చేసుకునే పిచ్చి కొన్నాళ్ళకి వాడిపోతుంది. ఆయనదీ వాడిపోయేదేమో గాని, గొల్లపల్లి వెళ్ళడం వల్ల నిలబడింది. బొబ్బిలి వీణలు తయారయ్యేది ఆ గొల్లపల్లిలోనే. పనస దుంగని తొలిచి, అతుకు లేకుండా ఒకే మానులోంచి వీణ తీస్తారు. అలా తీసినప్పుడు చిట్టు ముక్కలు చాలా మిగులుతాయి. పాతబడేకొద్దీ పసుపు నించి తేనెరంగుకి తిరిగే ఆ పనస చెక్క ఓడ పైతట్టుకి దివ్యంగా వుంటుందని ఆయనకి తోచింది. వెళ్ళి అడిగితే, అప్పటికే మరో పెద్దమనిషి ఆ ముక్కల కోసమే బేరమాడుతున్నాడు.

"మీరు వీణ వాయిస్తారాండీ?" అన్నారట మావారు.

"లేదండీ. ఓడ కడతాను" అన్నాడాయన, దొంగతనం ఒప్పుకున్నట్టు నెమ్మదిగా.

ఆయన మా వూళ్ళోనే పళ్ళ డాక్టరు! పదేళ్ళుగా రెండు వీధుల అవతలే వుంటూ, ఒకళ్ళకొకరు తెలియకుండా ఇద్దరూ ఓడలు కట్టుకుంటున్నారు. నాకింకా నవ్వొస్తుంది. ఆ సాయంత్రం ఆయన్ని తీసుకుని ఇంటికొచ్చిన మావారి మొహం చూడాలి! తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టుంది.

తరవాత ఒకరి వెంట ఒకరు చేరారు. ఆమదాలవలసలో వుండే రిటైర్డు రైల్వే గార్డుగారు పన్ను పీకించుకోడానికి వచ్చి, డాక్టరుగారి బల్ల మీద సగం కట్టిన ఓడని చూశారు. "నోరు తెరవండి అని అందరికీ చెప్తాను, ఈయనకి మాత్రం కాస్త నోరు ముయ్యండి సార్ అని బతిమాలాను" అంటారు డాక్టరుగారు. గార్డుగారి ద్వారా సోంపేట దగ్గర ఉద్దానం పల్లెలో పనిచేసే లెక్కల మాస్టారు తెలిశారు. ఆఖరున విశాఖ నించి పెద్దాయన. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఓడల డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. మొత్తం ఐదుగురు. ఈ సంఘానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. అందుకే ఇన్నాళ్ళు బతికిందని నా అనుమానం. మేం ఆడవాళ్ళం మాత్రం 'ఓడల వాళ్ళు' అని పేరు పెట్టుకున్నాం. గార్డుగారి భార్య, ఆవిణ్ణి నేను అక్కయ్యగారంటాను, కోపం వచ్చినప్పుడు 'ఓటి ఓడల వాళ్ళు' అంటుంది.

నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరతారు. పలాస పాసింజరులో ఒళ్ళో పెట్టె పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెస్తారు. పెట్టె విప్పాక మొదట ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. చుట్టూ తిరుగుతారు, వంగి చూస్తారు, కళ్ళజోడు తీసి చూస్తారు. అప్పుడు ఒకరు, "ఈ లంగరు గొలుసు ఎలా చేశారండీ?" అంటారు. వాళ్ళ భాషలో అదే పెద్ద పొగడ్త. "బాగుంది" అన్న మాట వాళ్ళ నోట చాలా తక్కువ. ఎలా చేశారని అడగడమంటే, నాకు చేతకానిది నీకు చేతనయింది అని ఒప్పుకోవడమే కదా!

నేను నవలలు రాస్తాను. రచయితల సభలకి వెళ్తుంటాను. అక్కడ "అద్భుతం అమ్మా, మహాద్భుతం" అన్నవాళ్ళలో ఎంతమంది నా పుస్తకం చదివారో చూపుల్లోనే తెలిసిపోతుంది. ఆ అద్భుతం ఇంటికొచ్చేలోపు ఆవిరైపోతుంది. ఒకప్పుడు పార్వతీపురం నించి ఎవరో గృహిణి ఉత్తరం రాసింది: మీ నవలలో అత్తగారు తొలి అధ్యాయంలో ఎడంచేతి వాటం మనిషి, పెళ్ళి అధ్యాయంలో కుడిచేత్తో అక్షింతలు వేసింది, అది సంప్రదాయం కోసమా, లేక మీరు మరిచారా అని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా డ్రాయరులో వుంది. అక్షింతలు కుడిచేత్తో వెయ్యాలని ఆ అత్తగారికి చిన్నప్పుడు నేర్పిన దెబ్బల గురించి తరవాత ఒక కథే రాశాను. చేతుల వంక చూసిన పాఠకురాలు ఒకరుంటే చాలు, ఇంకో పుస్తకం రాయొచ్చు. ఓడల వాళ్ళని చూస్తే నాకావిడ గుర్తొస్తుంది.

వాళ్ళలో ఒక మంచి అలవాటుంది. తప్పు చూపించినవాడు దాని మందు కూడా తేవాలి. మావారి మొదటి ఓడకి అడుగుభాగం ఒకవేపు ఉబ్బింది. "పక్కవాతం వచ్చిందండీ మీ ఓడకి" అన్నారు గార్డుగారు. అందరూ నవ్వారు, మావారు తప్ప. వచ్చే నెల గార్డుగారు ఓ సంచీ మోసుకొచ్చారు. దాన్నిండా ఏటికొప్పాక నించి తెచ్చిన అంకుడు కర్ర! లక్కబొమ్మలు చేస్తారే, ఆ తెల్లటి మెత్తటి కర్ర. "దీంతో చెయ్యండి. ఇది చెప్పినమాట వింటుంది" అన్నారు. రెండు పూటలు పక్కన కూచుని ఆకురాయి ఎటునించి ఎటు లాగాలో చూపించారు. చిట్టచివరికి తయారైన ఓడ మా ముందుగదిలో కుడివేపు రెండోది.

ఇలా చిన్న ఓడలు చేసుకోవడం ఈనాటి సరదా కాదు. ఈజిప్టులో 1922లో బయటపడిన టూటన్‌ఖామన్ సమాధిలో ముప్ఫైకి పైగా చిన్న పడవ బొమ్మలు దొరికాయి, రాజుగారి పరలోక ప్రయాణానికట. మన శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వుంటుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలం నాటివి. వేలిగోరంత చోటులో ఓడని కుదించిన ఆ కంసాలి మా ఓడల వాళ్ళకి ముత్తాతే. ఇక నన్ను బాగా పట్టుకున్న కథ ఇంగ్లండుది. నెపోలియన్ యుద్ధాల కాలంలో చిక్కిన ఫ్రెంచి సైనికుల్ని పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట బందీలుగా పెట్టారు. ఏళ్ళ తరబడి! తినడానికిచ్చిన మాంసంలో మిగిలిన ఎముకల్ని ఉడకబెట్టి, తెల్లగా చేసి, పలచటి బద్దలుగా కోసి, వాటితో ఓడలు కట్టారు వాళ్ళు. తాళ్ళకి దారం దొరక్కపోతే వెంట్రుకలు వాడారట. ఒకడు చెక్కడం, ఒకడు అతకడం, ఒకడు తాళ్ళు కట్టడం. గేటు దగ్గర అంగట్లో అమ్ముకునేవారు. ఆ ఓడలు కొన్ని పీటర్‌బరో మ్యూజియంలో ఇప్పటికీ వున్నాయి. ఇంటికి తీసుకుపోయే ఓడ ఎప్పటికొస్తుందో తెలియని మనుషులు అరచేతిలో ఓడ కట్టుకున్నారు. నవల రాసేదాన్ని గదా, ఆ ముగ్గురిలో మధ్యలో ఎవడైనా చచ్చిపోతే వాడి వాటా పని ఎవడు చేశాడో అని రాత్రిళ్ళు ఆలోచన.

అంత దూరం ఎందుకు? కార్తీకం ఆఖర్న పోలిస్వర్గం నాడు తెల్లవారుజామున అరటిదొప్పలో దీపం పెట్టి నాగావళిలోనో, చెరువులోనో, ఏదీ లేకపోతే పళ్ళెంలో నీళ్ళలోనో వదిలే మనమేం చేస్తున్నాం? ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగు పెడితే కార్తీక పున్నమికి బుల్లి పడవలే వదుల్తారు, వెనకటికి తూర్పుదేశాలకి ఓడలెక్కి వెళ్ళిన వర్తకుల్ని తలుచుకుని. మన దొప్ప కూడా పడవే. మునగకుండా నాలుగు గజాలు పోతే మనకెంత సంతోషం! పక్కావిడ దొప్ప ఒరిగితే మన చేత్తో నీళ్ళు కదిపి దాన్ని ముందుకు తోస్తాం. మా ఓడల వాళ్ళు చేసేదీ ఇంచుమించు అదే.

ఒకసారి అందరం కళింగపట్నం వెళ్ళాం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు అది రేవు. లోతు లేక పెద్ద ఓడలు దూరంగా ఆగితే, సరుకంతా తాడుతో కుట్టిన పడవల్లో కెరటాల మీదుగా చేరవేసేవారు. మేకు అన్నది లేకుండా పలకని పలకకి కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలు! కుట్టినవి అనగానే నాకూ అక్కయ్యగారికీ ఆసక్తి కలిగింది. ఇప్పుడంతా ఫైబరు తెప్పలూ ఇంజన్లూను. ఇసకలో వల బాగుచేసుకుంటున్న ఓ ముసలాయన్ని మాస్టారు అడిగారు, మేకులెందుకు కొట్టేవారు కాదని.

"మేకు కొడితే కెరటం దెబ్బకి పలక ఇరిగిపోద్ది బాబూ. తాడైతే కెరటంతో పాటు ఒంగుతాది, మల్లీ లెగుస్తాది" అన్నాడాయన, వల మీంచి తల ఎత్తకుండా.

మాస్టారు ఆ మాట నోటుపుస్తకంలో రాసుకోవడం నేను చూశాను.

ఇప్పుడు మాస్టారి సంగతికొస్తాను. ఆయన కడుతున్నది కటీ సార్క్. 1869లో స్కాట్లండులో నీళ్ళలోకి దిగిన తెరచాప ఓడ, చైనా నించి తేయాకు మోసింది. మూడు కొయ్యలు, దాని తాళ్ళన్నీ కలిపితే 11 మైళ్ళంటారు. పేరుకి అర్థం 'పొట్టి లోగౌను' అని విన్నప్పుడు మేమంతా పక్కకి తిరిగి నవ్వాం. ఒక కవి పద్యంలోని మంత్రగత్తె వేసుకున్న గౌనుట అది. ఇంగ్లీషువాళ్ళ ధైర్యం! 96 వంతుల కొలతలో కూడా ఆ ఓడ మూడడుగులకి కాస్త తక్కువ. ఆరేళ్ళు పట్టింది మాస్టారికి. ఇంక తెరచాపలే మిగిలాయి.

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తిత్లీ తుఫాను తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానాన్ని ఉద్యానవనం అనేవారు, అలా వుండేది. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఒక్క పూటలో అంతా పడుకుంది. తాత నాటిన చెట్లు మనవడి కళ్ళ ముందు కూలాయి. ఇళ్ళూ, కరెంటు స్తంభాలూ సరేసరి. మాస్టారిది పెంకుటిల్లు. కప్పు లేచిపోయి, దూలం బీరువా మీద పడి, బీరువా ఓడ మీద పడింది.

ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పది రోజుల తరవాత ఫోను కలిస్తే, "అందరం క్షేమం" అన్నారు. నవంబరులో మా వాళ్ళు టార్పాలిన్లూ, బియ్యం, కొవ్వొత్తులూ వేసుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాను. గదిలో ఆ మూల ఖాళీగా వుంది. ఎవరూ అడగలేదు. మాస్టారే అన్నారు: "చుట్టూ చూశారుగా. ఏడెనిమిదేళ్ళు పెంచితే గాని కాపుకి రాని చెట్లు పోయినవాళ్ళున్నారు. వాళ్ళ మధ్య కూచుని బొమ్మ ఓడ పోయిందని నేనెలా ఏడవనండీ? సిగ్గేస్తుంది. ఇంక ఆ పని వద్దు." దానికి జవాబు మా ఎవరి దగ్గరా లేదు. వుంటే మాత్రం ఆ వాకిట్లో నిలబడి ఎలా చెప్పేది?

ఆడవాళ్ళం వంటింట్లోకి వెళ్ళాక ఆయన భార్య మెల్లిగా అటక చూపించింది. పైన గోనెసంచి. తుఫానయ్యాక పొయ్యిలోకి పొడిపుల్ల దొరక్క, ఆ ఓడ ముక్కలు పొయ్యిలో పెట్టెయ్యమన్నారట మాస్టారు. "అవీ తడిసిపోయాయి, అంటుకోవు అన్నానండీ. అబద్ధమే. ఎండి కరకరలాడుతున్నాయి" అంది. ఆరేళ్ళుగా ఆ ఓడ మీద విసుక్కున్న ఇల్లాలు ఆవిడే!

ఇంటికొచ్చాక ఓడల వాళ్ళు ఎలా ధైర్యం చెప్పాలా అని తర్జనభర్జన పడ్డారు. పెద్దాయన ఫోను చేసి పాఠం చెప్పారు: అసలు కటీ సార్కే 2007లో మరమ్మతుల్లో వుండగా తగలబడింది, ఐదేళ్ళు కష్టపడి 2012లో మళ్ళీ నిలబెట్టారు, రాణీగారొచ్చి తెరిచారు, మీరు నిరుత్సాహపడకండి అని. "వాళ్ళకి రాణీగారుంది పెద్దాయనా, నాకు టార్పాలిను వుంది" అన్నారట మాస్టారు. పెద్దాయన నొచ్చుకోలేదు. ఓడల విషయంలో ఆయనకి ఓపిక ఎక్కువ. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసిన సింధియా వారి యార్డులోంచి, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా 'జలఉష' నీళ్ళలోకి జారిందనీ, ఏడేళ్ళు ఆగినవాళ్ళకి ఏడు నెలలు లెక్కా అనీ మాతో అన్నారు. ఆయన గీతలన్నీ జలఉషతో మొదలై జలఉషతో ముగుస్తాయి.

మందు మావారికి తట్టింది. ఇది నేను మెచ్చుకుని చెప్తున్న మాట, అరుదుగా చెప్తాను గనక గమనించండి. ఆయన రెండు బుల్లి ప్రాణరక్షక పడవలు చేశారు, ఒక్కోటి బాదంకాయంత. అగ్గిపెట్టెలో దూది పరిచి వాటిని పెట్టి పోస్టులో పంపారు. లోపల చీటీ: "మాస్టారూ, వీటిలో ఏది సరిగ్గా వచ్చిందో తేల్చుకోలేకపోతున్నాను. చెప్పగలరు." ఓదార్పు లేదు, తుఫాను లేదు, మళ్ళీ కట్టండి అన్న మాట లేదు. మూడు వారాలు జవాబు రాలేదు. నాలుగో వారం కార్డొచ్చింది. ఒకటే వాక్యం.

"రెండూ సరిగ్గా రాలేదు."

మావారు ఆ కార్డు పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరుగారింటికి పరిగెత్తారు. అంత ఆనందంగా తన తప్పులు చాటుకున్న మగవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. ఆ ఆదివారం గార్డుగారు జీళ్ళు పంచారు. తరవాత రెండో కార్డు వచ్చింది, ఎందుకు సరిగ్గా రాలేదో బొమ్మ గీసి.

మాస్టారి పెరట్లో పనసచెట్టు పడిపోయింది. ఆయన పుట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు వేసిందట. దాన్ని కట్టెలకి అమ్మెయ్యబోతుంటే డాక్టరుగారు ఆపి, మధ్యమాను నించి కొన్ని పలకలు కోయించారు. వీణ చెక్కకైనా, ఓడ చెక్కకైనా పచ్చి పనికిరాదు. ఎండకి తగలకుండా, గాలి ఆడేట్టు పేర్చి ఆరనివ్వాలి. తొందరపడితే పగుల్తుంది, ఒంకర తిరుగుతుంది. అందుకని అటక మీద గోనెసంచి పక్కన పలకలు చేరాయి. ఇంక మాస్టారిని ఎవరూ "ఎప్పుడు మొదలెడతారు" అని అడగక్కర్లేకపోయింది. "చెక్క ఆరిందాండీ?" అని అడిగేవారు. "ఇంకా లేదు" అనేవారు. మరో మూడు నెలలకి మళ్ళీ, "ఆరిందా?" "ఇంకా తడి వుంది." ఆ తడి చెక్కలోదో మరెక్కడిదో ఎవరూ తర్కించలేదు. మధ్యలో 2020లో కరోనా వచ్చి రైళ్ళే ఆగిపోయాయి. నెలకో ఆదివారం అదే వేళకి ఫోనులో చేరేవారు. పెద్దాయనకి ఆక్సిజన్ పెట్టిన వారంలో కూడా ఆ వేళ తప్పలేదు, ఆయన మాట్లాడకుండా వింటూ వుండేవారు. గండం గడిచి బయటపడ్డారు.

2021 శీతాకాలంలో మాస్టారు తనంతట తనే అన్నారు, "చెక్క ఆరినట్టుంది" అని.

ఈసారి ఓడ మీద ఒక్కరి చెయ్యి కాదు. పాత సంచిలోంచి లంగర్లూ, గంటా, ముందువేపు వుండే గుర్రపుతోక పట్టుకున్న మంత్రగత్తె బొమ్మా చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. చక్రం డాక్టరుగారు చేశారు, పళ్ళు తొలిచే సూదితో. తాళ్ళ దగ్గరికొచ్చేసరికి పని ఆగింది. కొయ్యల మీదికి నావికులు ఎక్కే నిచ్చెన తాళ్ళుంటాయి. నిలువు తాడుకి అడ్డతాడు తగిలిన ప్రతిచోటా ముడి. వెయ్యికి పైమాటే. మాస్టారికి యాభై దాటాక చూపు ఆనడం లేదు, గార్డుగారికి వేళ్ళు వణుకు, మావారి ముడులు లావు.

ఆ ఆదివారం మా ఇంట్లోనే చేరారు. ముందుగదిలో మగవాళ్ళు ఆ ముడి కోసం కుస్తీ పడుతుంటే, అక్కయ్యగారు గడప దగ్గర కూచుని మల్లెమొగ్గలు కడుతోంది. చూసి చూసి, "ఏదీ, ఆ ముడి మళ్ళీ వెయ్యండి" అంది. గార్డుగారు వేశారు. దారాన్ని ఒక మెలిక తిప్పి, దాని పక్కన ఇంకో మెలిక తిప్పి, కొస లోపల్నించి లాగడం.

"ఇదేనా! ఏడో ఏట నించీ వేస్తున్నాను" అంది ఆవిడ. మల్లెకాడలు ఎదురుబొదురు పెట్టి, దారం మెలేసి బిగించే ముడికీ, ఆ ముడికీ వున్నది పినతల్లి బిడ్డల పోలిక. కొయ్య ముందు పీట వాల్చుకుని కూచుని, కళ్ళు సగం మూసుకుని, నాతో కబుర్లు చెప్తూ గంటలో నలభై ముడులు వేసింది. నలుగురు మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. డాక్టరుగారికి పేషెంట్లు కూడా అంత బాగా తెరవరు.

"ఎలా చేశారండీ?" అన్నారు మాస్టారు.

నలభై ఏళ్ళ కాపురంలో గార్డుగారి పక్కన ఆవిడ అంత నిటారుగా కూచోవడం నేనెప్పుడూ చూడలేదు. "చెల్లీ, చూశావా, సరదా అంటే ఇదన్నమాట" అంది నాతో తరవాత. "కాఫీ ఎవరైనా ఇస్తారా?" అని కూడా అంది, గట్టిగా. మావారే లేచారు.

అప్పట్నించీ పెట్టెలో ఓడ ఎక్కడికి వెళ్తే ఆవిడా అక్కడికి వెళ్తోంది, మల్లెల కాలంలో అయితే రెండు రకాల దారాలతో. రెండు కొయ్యల తాళ్ళు అయిపోయాయి. మూడోది సగంలో వుంది. మాస్టారి భార్య ముడులు లెక్కపెడుతూ గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తోంది.

తిత్లీ మరుసటేడు నాటిన మొక్కల్లో కొన్ని ఈ మధ్యే కాపు పట్టాయని మొన్న వచ్చినప్పుడు మాస్టారు రెండు కొబ్బరికాయలు తెచ్చారు. ఒకటి దేవుడి దగ్గర కొట్టాను, ఒకటి పచ్చడికి. తురుముతుంటే మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"పెంకులు పారెయ్యకు" అన్నారు. "ఓడలో పీపాలకి కావాలి."